ముప్పై ఒక్క ఓట్లు

ఏప్రిల్ వచ్చిందంటే మా వీధిలో ప్రతి ఇంటికీ పగుళ్లొచ్చేస్తాయి. అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనో పక్కన చిన్న ఊరు మాది. ఇంటి విలువ ఇంత, పన్ను ఇంత అని నోటీసు రాగానే రాధాకృష్ణ అన్నయ్య ఫోన్ పట్టుకుని బయల్దేరేవాడు. గోడకు బీట, బాత్‌రూమ్‌లో చెమ్మ, అన్నీ ఫొటోలు తీసి, ఈ కొంపకి అంత విలువెక్కడిదని పన్నుల ఆఫీసులో వాదించి తగ్గించేవాడు. తన ఇంటికే కాదు, మా వాట్సాప్ గ్రూప్‌లో నలభై ఇళ్లకీ. కప్పు కాఫీ ఇస్తే చాలు. మనిషి బంగారం, నోరే ఆగదు.

ఆయన భార్య త్రివేణి వదిన, ఉద్యోగం చేయనివ్వని వీసా పుణ్యమా అని పదమూడేళ్లు ఇంట్లోనే కూర్చుంది. గ్రీన్ కార్డ్ వచ్చాకే ఊరి లైబ్రరీలో పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికింది. శనివారాలు పిల్లలకి తెలుగులో కథలు చెప్పేది. ఉద్యోగంలో చేరాక ఆవిడ నడకే మారిపోయింది.

ఆమధ్య బడ్జెట్ చాలక, పన్ను రేటు కాస్త పెంచుతాం, ఓటేయండి అంది సిటీ, అంటే మా ఊరి మునిసిపాలిటీ. మేం కట్టేదాంట్లో సగానికి పైగా బడులకే పోతుంది. సిటీకి దక్కేది పిసరంత. పోలీసులు, ఫైరింజన్లు, పార్కులు, లైబ్రరీ అన్నీ ఆ పిసరుతోనే నడవాలి. ఇదంతా సిటీ పంపిన కాగితంలో ఉంది. చదివితేగా! పెద్ద చదువులు చదివిన వెధవలం, ఒక్కరమూ రెండో పేజీ తిప్పలేదు. మేం చదివింది అన్నయ్య మెసేజే: "అందరూ నో కొట్టండి. మన కష్టార్జితం. ఫార్వర్డ్ చేయండి."

ముప్పై ఒక్క ఓట్ల తేడాతో పెంపు ఓడిపోయింది. మా గ్రూప్‌లోనే ఓటున్నవాళ్లం అరవై మందిమి. అన్నయ్య అందరికీ బిర్యానీ పెట్టాడు.

పోలీసుల జీతాలు ముట్టుకోలేరు కాబట్టి కోత లైబ్రరీ మీద పడింది. జనవరిలో తలుపులు మూశారు. వదిన ఉద్యోగం పోయింది.

అన్నయ్య సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి పరుగెత్తాడు. తోడుగా నేనూ వెళ్లాను. మైకు ముందు మూడు నిమిషాలిచ్చారు. ఎన్నడూ మాట తడబడని మనిషి "ప్లీజ్, మై వైఫ్..." అని ఆగిపోయాడు. పెంపు వద్దన్నది ఓటర్లే కదా సర్ అని వాళ్లు మర్యాదగానే చెప్పారు. అయ్యో, ఆ ఓటర్లం మేమే.

ఇంటికొచ్చి వదిన మీద విరుచుకుపడ్డాడు. "నీ జాబ్ పోతుందని ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా త్రివేణీ! బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావేం?"

వదిన గొంతు పెంచలేదు. "రెండుసార్లు చెప్పానండీ, భోజనాల దగ్గరే. మీరు ఆ మెసేజ్ టైప్ చేసుకుంటూ ఊఁ కొట్టారు."

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. నాకు తలెత్తి ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు. ఆ మెసేజ్ కింద అందరికంటే ముందు చప్పట్ల బొమ్మ పెట్టింది నేనే.