గుండ్రాల రేకు

తార్నాకలో రేకు పని చేసే రాజలింగు ఒక పట్టాన ఎవరినీ నమ్మడు. కొత్త రేకు వస్తే పైనున్న ప్లాస్టిక్ పొర ఒలిచి, అయస్కాంతం ఆనించి, అది అంటుకోకపోతేనే అల్యూమినియం అని ఒప్పుకుంటాడు. మనుషులకు ఆనించి చూసే అయస్కాంతం లేదే అని అతని బాధ.

యూనివర్సిటీ క్యాంపస్‌లో పాఠాలు చెప్పే క్రిస్టినా మేడం తన తండ్రి పాత ఫియట్‌కు కొత్త డ్యాష్‌బోర్డు చేయించాలనుకుంది. రాజలింగు మూడు నమూనా ముక్కలిచ్చాడు: మసక నలుపుది, సన్న గీతలది, మెరుపు గుండ్రాలది. ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి చేప పొలుసుల్లా కనిపించే ఆ గుండ్రాలు ఈ చుట్టుపక్కల అతనొక్కడే వేస్తాడు. అదీ షట్టరు సగం దించుకొని మరీ.

రెండు రోజుల్లో తిరిగి ఇస్తానన్న మేడం ఆరు రోజులైనా రాలేదు. మెట్టుగూడలో ఇంకో రేకుల షాపుంది. నమూనా అక్కడికి చేరిందంటే తన చేతి పని ఊరందరిదీ అయిపోతుంది. ఏడో రోజు మధ్యాహ్నం రాజలింగు క్యాంపస్‌కు నడిచాడు.

ఆర్ట్స్ కాలేజీ దగ్గర రోడ్డు పక్కన, ఎండలో ఫియట్ ఆగి ఉంది. స్టీరింగు ముందు ఒక ముసలాయన డ్యాష్‌బోర్డు మీద పెట్టిన మెరుపు ముక్క మీదికి వంగి, వేలితో గుండ్రాలు తడుముతున్నాడు. దొంగ దొరికాడనుకొని రాజలింగు తలుపు లాగాడు.

"ఎవ్వరు పంపిన్రు నిన్ను? మెట్టుగూడోళ్లా?"

ముసలాయన బెదిరిపోయాడు. అప్పటిదాకా రాజలింగు గమనించని మేడం పక్క సీట్లోంచి, ఆయన తన తండ్రి ఆరోన్ అనీ, కంటి ఆపరేషన్ అయిందనీ, అందుకే పూటపూటా మారే ఎండలో ఒక్కో రేకూ పెట్టి చూపిస్తున్నాననీ చెప్పింది.

"పనితనం బాగుంది బాబూ," అన్నాడు ఆరోన్. "రోడ్డే కనపడట్లేదు."

ఇదేదో నాటకమనుకున్నాడు రాజలింగు. ఆయన్ను దింపి తానే కూర్చున్నాడు. ఎండకు రేకు మెరుపు పైకి కొట్టి, ముందు అద్దం నిండా తన గుండ్రాల నీడలే తేలుతున్నాయి. వాటి మధ్యలోంచి ఒక విద్యార్థిని ఉన్నట్టుండి ఊడిపడ్డట్టు వచ్చింది. ఇన్నేళ్లూ ఆ పనిని అతను షెడ్డు నీడలోనే చూసుకొని మురిశాడు.

"మసకది ఏస్త మేడం. ఇది వద్దు."

ఈసారి అనుమానం మేడం వంతయింది. నాన్న కళ్ల సంగతి తెలిసిందేననీ, తనకు మాత్రం గుండ్రాలే నచ్చాయనీ అంది. "పనెక్కువని తప్పించుకుంటున్నారా?"

రాజలింగు దిగి ఆమెను స్టీరింగు ముందు కూర్చోమన్నాడు.

"నేను గీ రోడ్డు దాటుత. కనపడంగనే హారన్ కొట్టుండ్రి."

కారు ముందు నుంచే నింపాదిగా దాటాడు. ఆవలి ఫుట్‌పాత్ ఎక్కి, వెనక్కి తిరిగి నిలబడ్డాక గానీ హారన్ మోగలేదు.