కొప్పు తడవలేదు

బాప్టిస్టు సంఘాల తొలినాళ్ల చరిత్ర మీద నా పరిశోధన 1995లో పూర్తయింది. అప్పటికి విశాఖలో బాప్టిస్టులు నడిపే ఒక క్రైస్తవ వేదాంత కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. ఖాయమైన ఉద్యోగం ఇస్తామన్నారు. ఒకటే షరతు. నేను నిండా మునిగి బాప్తిస్మం తీసుకోవాలి. నేను పుట్టింది గోదావరి జిల్లాలో, పసిపిల్లల నుదుట నీళ్లు చల్లే సంఘంలో. ఆ చల్లడం వీళ్ల లెక్కలోకి రాదు.

నాకు నీళ్లంటే ప్రాణభయం. చిన్నప్పుడు కాలవలో మునిగిపోతుంటే ఎవరో జుట్టు పట్టి లాగారు. అప్పటినుంచి తలస్నానం చేసినా కళ్లు మూసుకోలేను.

"తొలి బాప్టిస్టులు తల మీద నీళ్లు పోసేవారండీ. ముంచడం ఒక తరం తరవాత వచ్చింది. నాకూ పోస్తే సరిపోదా?" అని ప్రిన్సిపాలుగారిని అడిగాను.

ఆయన నవ్వేశారు. "చరిత్ర క్లాసులో చెప్పండమ్మా. సముద్రంలో పాస్టరుగారు చెప్పినట్టు చెయ్యండి."

మేం వెళ్లే సంఘానికి బాప్తిస్మపు తొట్టి లేదు. 1996 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే జాలర్ల పేట పక్కన ఒడ్డుకు తీసుకెళ్లారు. మావారు తువ్వాలు పట్టుకుని స్కూటరు దగ్గర నిలబడ్డారు. నడుంలోతు నీళ్లలో పాస్టరుగారు, "మీ ఇష్టంతోనే వచ్చారా?" అని అడిగారు. తలూపాను. ఆయన నన్ను వెనక్కి వాల్చగానే రెండు చేతులా ఆయన మెడ పట్టుకున్నాను. అల ముఖం మీదుగా పోయింది. నడినెత్తిన ముడేసుకున్న కొప్పు మాత్రం పైనే ఉండిపోయింది.

ఒడ్డునుంచి సంఘంలో పెద్దావిడ కేకేసింది. "కొప్పు తడవనేదు పాస్టరుగారూ! అవనేదు, మళ్లీ ముంచండి!"

వల బాగుచేసుకుంటున్న జాలరి ఆడవాళ్లు పకపకా నవ్వారు. "ఏటమ్మా, ఆయన్నే నువ్వు ముంచేత్తన్నావేటి?"

పాస్టరుగారు ఉప్పునీళ్లు ఉమ్మి, మెల్లగా అన్నారు. "తల మునక్కపోతే మనవాళ్లు ఒప్పుకోరు. ఇంకోసారి ముంచనా? మీరు ముంచమంటేనే. మనలో బలవంతం లేదు."

బలవంతం లేని విశ్వాసం కావాలని జైళ్లకు వెళ్లిన తొలి బాప్టిస్టుల గురించే నేను ఏళ్ల తరబడి చదివాను. ఈ ఉద్యోగం లేకపోతే ఈ నీళ్లలోకి దిగేదాన్నా? దిగేదాన్ని కాదు. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. అవునంటే ఊపిరి పోతుందేమోనని, కాదంటే ఉద్యోగం పోతుందని భయం. దేవుడి పేరు మీద అబద్ధమాడుతున్నానన్న భయం ఆ రెంటికన్నా ఎక్కువైంది.

"ఉద్యోగం కోసం వచ్చానండీ" అన్నాను. అలల హోరులో వినబడలేదేమోనని మళ్లీ అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, "అయితే రండి" అని మోచెయ్యి పట్టి ఒడ్డుకు నడిపించారు. పెద్దావిడ, "అదేటి, వచ్చేత్తన్నారేటి?" అంది.

"ఆవిడ అడిగిన రోజు చేద్దాం" అన్నారాయన.

మావారు ఎదురొచ్చారు. "అయిందా?"

"లేదు."

"మరి ఉద్యోగం?"

"అదీ అవదు."

ఆయన తువ్వాలు నా భుజాల మీద కప్పారు. "ముందు బండెక్కు. వణికిపోతున్నావు."

జూన్‌లో ఆ ఉద్యోగం మరొకరికి వెళ్లింది. నేను 2006 దాకా గంటల లెక్కనే చెప్పాను. ప్రతి వేసవిలోనూ, మళ్లీ పిలుస్తారో లేదోనని బెంగపడేదాన్ని. ఆ పాస్టరుగారు మా సంఘంలో ఉన్నన్నాళ్లూ, బాప్తిస్మాల ప్రకటన చదివి ఒక్క క్షణం ఆగి ఆడవాళ్ల వైపు చూసేవారు. నేను తల దించుకునేదాన్ని.