డిక్కీలో వంజరం

ఏడేళ్లుగా నా గుండెల మీద ఒక చేప కూర్చుని ఉంది. కిలోన్నర వంజరం. నవ్వొస్తే నవ్వండి. నేనెవర్నీ చంపలేదు, ఎవరి సొమ్మూ కాజేయలేదు. ఒక అబద్ధం ఆడాను, అంతే. ఆ ‘అంతే’ అన్న మాట చూశారా? అదీ నా బుద్ధి.

ముందు నేనెలాంటివాణ్ణో చెప్పాలి. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి గాజువాకలో స్థిరపడ్డవాణ్ణి. చేపల గురించి నాకంటే తెలిసినవాడు లేడని నా నమ్మకం. ఆదివారం మార్కెట్లో మొప్పలెత్తి చూసి, పొట్ట నొక్కి, పెదవి విరిచి పక్క బుట్టకు పోయే పెద్దమనుషులుంటారే, వాళ్లలో నేను మొదటివాణ్ణి. బెండకాయ కొన విరిచి, టమాటాను గోరుతో గిచ్చి, కొనకుండా వెళ్లిపోయే రకం. అమ్మేవాళ్లంతా దొంగలు, మనం మాత్రం హరిశ్చంద్రులం. అలాంటివాళ్లను చూస్తే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు ఒకణ్ణి చూస్తూనే ఉంటాను.

చేపలు ఎప్పుడూ నూకాలు దగ్గరే కొనేవాణ్ణి. నా చేత్తో బోణీ అయితే మధ్యాహ్నానికల్లా బుట్ట ఖాళీ అవుతుందని ఆమె గురి. నేను వచ్చేదాకా మొదటి బేరం ఆపి కూర్చునేది. అది చూసి మిగతావాళ్లు కూడా, ఆయన బోణీ చేశాడంటే సరుకు మంచిదే అని కొనేవారు. ఆ మర్యాద నా తలకెక్కింది.

ఆ వేసవిలో ఒక ఆదివారం, ఆనందపురం నుంచి మా బావమరిది భోజనానికి వస్తున్నాడు. పొద్దున్నే వంజరం కొన్నాను. నిగనిగలాడుతోంది. నూకాలు ముక్కలు కోయించి సంచిలో వేసి ఇచ్చింది. దాన్ని స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిన్నగా ఇంటికి పోవాలా, వద్దా? బస్టాపు దగ్గర టీ కొట్టులో ఆఫీసువాళ్లు కనబడ్డారు. కూర్చున్నాను. రెండు గంటలసేపు లేవలేదు. ఏం మాట్లాడానో తెలుసా? తాజా చేపను గుర్తుపట్టడం ఎలాగో చెప్పాను. నేనలా పాఠం చెబుతుంటే బయట, కాలిపోతున్న డిక్కీలో నా చేప కుళ్లుతోంది.

ఇంట్లో సంచి విప్పగానే మా ఆవిడ ముక్కు మూసుకుంది. బావమరిది నవ్వాడు. “ఏటి బావా, సేపలంటే నీకే తెలుసన్నావు?” అన్నాడు. టీ కొట్టులో ఆగానని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు. ఆ చేపలావిడ మోసం చేసిందన్నాను. అంతటితోనైనా ఆగానా? అతన్ని సాక్షిగా వెనక ఎక్కించుకుని మార్కెట్‌కు బయల్దేరాను.

ఆమె బుట్ట ముందే స్కూటర్ ఆపి, అందరూ చూస్తుండగా ముక్కలు కుమ్మరించాను.

“నాకే కుళ్లిన చేప అంటగడతావా?”

నూకాలు ఒక ముక్క తీసి వాసన చూసింది. “నాను తాజా సేపే ఇచ్చినాను బాబూ. దారిలో ఎక్కడైనా ఆగినారేటి?”

“తిన్నగా ఇంటికే వెళ్లాను.”

ఆమె స్కూటర్ వైపు చూసింది. డిక్కీ అంచు నుంచి కారిన నెత్తుటి నీళ్లు ఎండకు చారలు కట్టి ఉన్నాయి. వాటిని చూసింది, బావమరిదిని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆమెకు అర్థమైపోయింది. అర్థమైందని నాకూ తెలిసింది.

“అయితే నాదే తప్పు బాబూ,” అని ఇంకో చేప తీసి ఇచ్చింది.

తీసుకున్నాను. అవును, తీసుకున్నాను. ఇంటికెళ్లి లొట్టలేసుకుంటూ తిన్నాను కూడా. బంధువు ముందు నా పరువు పోకూడదని ఆమె తన పేరు పోగొట్టుకుంది. నా పరువు! దానికంత విలువ ఎక్కడిది?

బోణీ చేసేవాడే ఛీ కొట్టి పోయాక ఇంకెవరు కొంటారు? కొద్ది నెలల్లో ఆమె బుట్ట లేచిపోయింది. ఇప్పుడు అదే మార్కెట్లో ఒక మూల కత్తిపీట వేసుకుని, వేరేవాళ్లు అమ్మిన చేపలు కోసి పెడుతోంది. నేను మాత్రం అక్కడే ఇంకొకళ్ల దగ్గర కొంటున్నాను. మీకు తెలియనిదేముంది సార్ అంటారు వాళ్లు. సిగ్గులేకుండా తల ఊపుతాను.

మొన్న ఆదివారం రద్దీలో ఆమె కత్తిపీట ఒక్కటే ఖాళీగా ఉంది. తప్పించుకోలేక నా చేప ఇచ్చాను. కోసింది. సంచి అందిస్తూ, తలెత్తకుండానే అంది.

“తిన్నగా ఇంటికెల్లిపోండి బాబూ. ఎండగా ఉంది.”

అలాగే అన్నాను. ఏడేళ్లకు నాకు పెగిలిన మాట అది. అసలు మాట ఆమెకు చెప్పలేక, నన్నెరగని మీకు చెబుతున్నాను. పిరికివాళ్లు చేసే పని ఇదే. నేను టీ కొట్టులో ఆగాను. ఆమె ఇచ్చింది తాజా చేపే. ఇది రాశాక ఊపిరి కాస్త బాగా ఆడుతోంది, ఆమె ఇంకా కత్తిపీట ముందే కూర్చుని ఉన్నా.