ఎముకకు రెడాక్సైడు

యాంటీ ఆక్సిడెంట్లు అన్న మాట నా ఎముకల స్కాన్ చూసిన డాక్టరు నోట రాగానే మా ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"అంటే రెడాక్సైడేనా సార్?" అని హిందీలో అడిగేశాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లకు రంగులు వేసి రిటైరైన మనిషి. ఇనుము తుప్పు పట్టకుండా అసలు రంగుకు ముందు పూసే ఎర్ర పూతే ఆ రెడాక్సైడు. డాక్టరు నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "ఠీక్ హై దాదా, అలాగే అనుకోండి," అన్నాడు. ఒంట్లోనూ తుప్పులాంటి నష్టం జరుగుతుంటుందట, వయసు మీద పడ్డాక అది ఎముకకూ తగులుతుందట. రంగురంగుల కూరలూ, పళ్ళూ, ఆకుకూరలూ దాన్ని కొంత అడ్డుకోవచ్చట. "అయినా కూర మందు కాదు. మాత్రలు, పొద్దుటి ఎండ, నడక మానకూడదు," అని గట్టిగానే చెప్పాడు.

నేను అడగాలనుకున్నది ఒక్కటే. "మరి నా సైకిలు?"

"ఏడాది వద్దు. మళ్ళీ స్కాన్ తీశాక చూద్దాం. ఈసారి తుంటి విరిగితే కష్టం."

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా ఇంటి నుంచి నేను పాఠాలు చెప్పే బడికి ఇరవై రెండేళ్ళుగా సైకిలు మీదే వెళ్తున్నాను. ఆ వానాకాలం బురదలో చిన్నగా జారి పడితే ఎడమ మణికట్టు విరిగింది. ఇంత చిన్న దెబ్బకే విరిగిందేమిటని స్కాన్ తీస్తే ఎముకలు పలచబడ్డాయని తేలింది. ఇక టోటో అనే బ్యాటరీ బండిలో ఎవరి పక్కనో ఇరుక్కుని బడికి వెళ్ళాలి. యాభై ఆరేళ్ళకే నన్ను సామానులా మోసుకెళ్తారా అని ఇంటికొచ్చి ఏడ్చాను. నాది పొగరే, కాదనను.

మా ఆయన మాత్రం మర్నాడే సంచీ పట్టుకుని బజారుకు బయల్దేరాడు. అంతవరకూ వంటింట్లోకి టీ కోసం తప్ప వచ్చిన మనిషి కాదు. ఎర్ర తోటకూర, గుమ్మడికాయ, బీట్‌రూట్, ఉసిరికాయలు, దొండకాయల్లా నిగనిగలాడే పొటోల్ కాయలు తెచ్చి గచ్చు మీద వరసగా పేర్చాడు. "సూడు, ఐదు రంగులు తెచ్చినాను," అన్నాడు.

పొటోల్ కాయలు నీళ్ళలో వేశాను. నీళ్ళు ఆకుపచ్చగా మారిపోయాయి.

"ఏటండీ ఇది? ముప్పై ఏళ్ళు రంగులేసినోరు, కాయకేసిన రంగు పోల్సలేదేటి?" అన్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన మొహం మాడిపోయింది. బేసిన్ అలాగే ఎత్తుకుని బజారుకు వెళ్ళి, కూరలమ్మే ఆయన ముందు పెట్టి బెంగాలీలో కడిగేసి వచ్చాడు. ఆ రోజు నుంచి ఏ కూరనైనా తడి వేలితో రుద్ది చూడందే సంచీలో వేయలేదు. ఆయన్ని చూడగానే "దాదా, ఇది అసలు రంగే," అని వాళ్ళే ముందుగా చెప్పేవారు.

వంట కూడా నేర్చాడు. మొదట్లో తోటకూర ఉప్పుకషాయం. నేను మొహం చిట్లిస్తే, "రెండో కోటు బాగుంటాది, ఆగు," అనేవాడు. నిజంగానే బాగుండేది. నా మాత్రల వేళ ఆయనకే గుర్తుండేది. పొద్దున్నే ఎండలో నాతో నడిచేవాడు. స్టాఫ్‌రూములో అన్నం డబ్బా మూత తీస్తే అందరూ తొంగిచూసేవారు. వండిందెవరని అడగకముందే "మా ఆయన" అని చెప్పేసేదాన్ని. నా జీతం గురించి కూడా ఎప్పుడూ అన్ని గొప్పలు పోలేదు.

ఏడాది తిరిగాక డాక్టరు రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. పలచబడడం ఆగిందన్నాడు, కొంచెం మెరుగు కూడా కనిపిస్తోందన్నాడు. మాత్రలా, నడకా, కూరలా, ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేనన్నాడు. వాన లేనప్పుడు, మెల్లగా అయితే సైకిలు తొక్కవచ్చన్నాడు. మా ఆయన చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

మర్నాడు సైకిలు వీధిలోకి తీశాను. వెనక పట్టుకుంటాడేమోనని చూశాను. చేతులు వెనక్కి కట్టుకుని, "ఎల్లు, బడికి టైమైపోనాది," అన్నాడు. రెండు తొక్కులు తడబడ్డాను, మూడోదానికి కుదురుకున్నాను. సందు మలుపులో వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. పాతికేళ్ళుగా నన్ను రోజూ చూస్తున్న ఎదురింటాయనకు నన్ను చూపించి చెబుతున్నాడు:

"మా ఆవిడ!"