విమానానికి ఆయుధపూజ

పోర్టులో క్రేన్ నడిపే మా పెంచలకృష్ణ ఇంతవరకు విమానం ఎక్కలేదు. అయినా ముత్తుకూరులో అతని బీరువాలో కాంకార్డ్ ఉంది. మనుషుల్ని శబ్దం కంటే వేగంగా మోసుకెళ్లి, ఇప్పుడు ఎగరడం మానేసిన విమానం అది. ఇతని దగ్గరున్నది మూరెడు కూడా లేని లోహపు బొమ్మ. కొన్ననాటి నుంచి పెట్టె సీలు తీయలేదు. తీస్తే సేకరించేవాళ్లలో దానికి విలువ పోతుందట. తాను ముట్టడు, ఇంకొకర్ని ముట్టనివ్వడు. ఇదేం సరదానో, నాకైతే ఒళ్లు మండేది.

కాంకార్డ్‌కి పోటీగా రష్యావాళ్లు చేసిన టుపొలెవ్ మీద అతనికి ప్రాణం. ఆ బొమ్మ కావలిలో, ఇతనిలాగే విమానం బొమ్మలు సేకరించే కిషోర్ బాబు దగ్గరుంది. బతిమాలగా బతిమాలగా మార్చుకోవడానికి ఒప్పుకున్నాడు. షరతు ఒక్కటే, రెండు పెట్టెలూ సీలుతోనే ఉండాలి. దసరా సెలవుకి వస్తానన్నాడు.

ఆ రోజు ఆయుధపూజ. పెంచలకృష్ణ నన్ను వెంటబెట్టుకుని బస్టాండుకి పోయి కిషోర్ బాబుని తీసుకొచ్చేలోపల, ఇంట్లో పెంచలకృష్ణ భార్య ఉషారాణి మోటార్ సైకిలుకీ కుట్టుమిషనుకీ మిక్సీకీ బొట్లు పెట్టేసింది. ఇదీ బండే కదా అనుకుని కాంకార్డ్‌నీ పెట్టె సీలు చించి బయటికి తీసింది. ముక్కు మీద పసుపు, కుంకుమ. చక్రాల కిందకి నిమ్మకాయ పట్టలేదని నిమ్మగింజలు.

పెంచలకృష్ణ "ఎంత పని చేసినావు ఉషా!" అన్నాడు.

ఆమె భయపడిపోయింది. "నేనేం విరగ్గొట్టలేదయ్యా. దాని ముక్కే వంగతా ఉంది."

"విరగలేదులే. దిగేటప్పుడు పైలట్‌కి నేల కనపడాలని అట్టా వంచతారు," అంటూ చూపించడానికి దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు వంచాడు, లేపాడు, మళ్లీ వంచాడు. కోప్పడాలన్న సంగతే మరిచిపోయాడు. అతని మొహం చూస్తే నాకే ముచ్చటేసింది.

"సీలు పోయినాక ఇంకేం బేరమన్నా," అని కిషోర్ బాబు లేవబోయాడు. కానీ కళ్లు ఆ ముక్కు మీది నుంచి కదలడం లేదు.

"నాది కూడా వంగుతుందా?"

"వంగాల."

అంతే, ఆ పెద్దమనిషి తను తెచ్చిన పెట్టె సీలు గోటితో చించేశాడు. ఉషారాణి దానికీ బొట్టు పెట్టింది.

"ఇప్పుడు రెండూ ఒకటే కదా, మార్చుకోండి," అన్నాను నేను.

ఎవరి విమానాన్ని వాళ్లు దగ్గరికి లాక్కున్నారు.

"నేనియ్యలేనన్నా," అన్నాడు కిషోర్ బాబు బిక్కమొహంతో.

"నేను మాత్రం ఇస్తానా?" అన్నాడు పెంచలకృష్ణ.