ఆరు నలుపుల ఎల్లేశ్

పెద్దవంగరలో ఎల్లేశ్ స్టూడియోకు పోతే ఫోటో దొరకడం కష్టం, ఉపన్యాసం మాత్రం తప్పకుండా దొరుకుతుంది. పక్కనే ఎరువుల దుకాణం పెట్టుకున్న పాపానికి అవన్నీ నేను గోడ ఇవతలి నుంచి విన్నాను. రంగుల ప్రింటరు మన మొఖాలకు అన్యాయం చేస్తోందని ఆయన ఫిర్యాదు. ఎండలో నాట్లేసిన మనిషిని ఇటుక రంగులోకి దించుతుందట, లేదంటే పిండి పూసినట్టు తెల్లబరుస్తుందట.

"మన నలుపుల మస్తు మెట్లుంటయన్నా, చిక్కటి కాడికెల్లి పల్చటి దాంక. గా మెట్లన్ని కాయితం మీద దిగాలె" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. వచ్చినవాడు బ్యాంకు ఖాతాకు ఫోటో కావాలని వచ్చినవాడు. వాడికి మెట్లెందుకు?

చెప్పి ఊరుకున్నా బాగుండేది. ప్రింటరులోని ఆరు రంగులూ తీసేసి, గొట్టాలు కడిగి, ఆరు డబ్బాల్లోనూ నల్ల ఇంకే పోశాడు. ఒకదాంట్లో చిక్కటిది, తర్వాతిదాంట్లో కాస్త పలచనిది, అట్లా పోతూ పోతూ చివరిదాంట్లో బియ్యం కడిగిన నీళ్లలాంటిది. బ్యాటరీ నీళ్లు, మందుల దుకాణం గ్లిజరిను, సూది లేని సిరంజీ పట్టుకుని కలపడం, వడగట్టడం, నలుపు నుంచి తెలుపు దాకా ఒక పట్టీ ప్రింటు తీసి చూడడం, నడుమ ఎక్కడో ఒక మెట్టు ఎగిరిపోయిందని అంతా పారబోసి మళ్లీ కలపడం. వేళ్లు నల్లబడిపోయి, పెళ్లి బంతిలో కూర్చుంటే పక్కవాళ్లు జరిగి కూర్చునేవారు. అది మర్యాద అనుకునేవాడు మహానుభావుడు.

ఇంత చేసినా గిరాకీ సున్నా. మా వైపు నలుపు తెలుపు ఫోటో అంటే పోయినవాళ్లదే. బతికున్న మనిషిని అట్లా తీస్తే అపశకునం. పోనీ పోయినవాళ్ల ఇళ్ల నుంచైనా వస్తారా అంటే, వాళ్లకు సెల్లులో రంగుల ఫోటో ఉండనే ఉంది. వెనక నీలి ఆకాశం పెట్టి, ఒంటికి కోటు తొడిగి, మొఖం తెల్లగా చేయిస్తే పోయినాయన కలెక్టరులా కనబడతాడు. బతికినన్నాళ్లూ తండ్రికి ఒక చొక్కా కొనివ్వని కొడుకులే కోటు కోసం ఎక్కువ పట్టుబట్టేవారు.

ఎల్లేశ్ భార్య కళ్యాణి జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతోంది. ఆమె ఓపిక కూడా ఒకనాడు అయిపోయింది. రంగు ఇంకు సీసాలు కొనుక్కొచ్చి కుట్టుమిషను మీద పెట్టింది.

"దసర దాంక చూస్త. గీ నల్లనీళ్లను మెచ్చేటోడు ఒక్కడన్న వచ్చిండా, సరే. లేకుంటె నేనే పారబోసి రంగులు పోస్త" అంది. ఎల్లేశ్ మొఖంలో మెట్లన్నీ ఒక్కసారే దిగిపోయాయి.

సరిగ్గా అప్పుడే నరేందర్ వచ్చాడు. ఊరికి సర్పంచు కావాలని తహతహలాడే మనిషి. ఆయన తండ్రి దుర్గయ్య, ఈయన చిన్నగా ఉన్నప్పుడే పోయాడు. ఇన్నేళ్లకు, ఓట్లు దగ్గరపడే వేళకు, ఆ తండ్రి సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన వీరుడని నరేందర్‌కు హఠాత్తుగా గుర్తొచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు ఆయన పటం ఆవిష్కరించాలి. చిక్కల్లా ఏమిటంటే దుర్గయ్య జన్మలో ఫోటో దిగలేదు.

"అందరు నేను మా నాయిన తీర్గనే ఉన్న అంటరు. నన్నే తియ్యి" అన్నాడు నరేందర్. అట్లా ఎవరూ అనగా నేను వినలేదు. తలకు రుమాలు, భుజాన గొంగడి, అంటించిన మీసం, బడి నాటకాల పెట్టెలోంచి తెచ్చిన కట్టె తుపాకి. "పాత ఫోటో లెక్క మసక మసకగ ఉండాలె. నన్ను ఎవ్వలు గుర్తు పట్టొద్దు. మంచిగ కుదిరితే మైకుల నీ పేరు చెప్పిస్త."

ఎల్లేశ్ చెప్పినట్టే మసకగా ఒకటి ప్రింటు తీశాడు. చూసుకుని ఏడ్చినంత పని చేశాడు. ఇన్నాళ్లకు ఆరు నలుపులూ చూపించుకునే మొఖం దొరికితే దాన్ని పొగబెట్టడమా! చించేసి, మసక లేకుండా ఇంకోటి తీశాడు. ఇంకు ఆరాలన్న వంకతో చివరి దాకా ఎవరికీ చూపించకుండా, ఫ్రేము కట్టి, ఎర్రబట్ట చుట్టి నేరుగా సభకే తెచ్చాడు. నరేందర్ నాయకులకు శాలువాలు కప్పే హడావుడిలో ఉన్నాడు.

నరేందర్ తల్లి ఓదెమ్మను ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మండల నాయకుడు బట్ట లాగి దండ వేశాడు. నిజం చెప్పాలి, పటం అద్భుతంగా ఉంది. చెంప మీది స్ఫోటకం మచ్చలు ఎన్నో లెక్కపెట్టవచ్చు. చప్పట్లు మొదలవుతుండగా ఓదెమ్మ గుండెలు బాదుకుంటూ లేచింది.

"ఓ నా కొడుకో! నరేందరో! ఎప్పుడు పోతివి బిడ్డో! నాకు ఒక్కలన్న చెప్పకపోతిరో!"

"అవ్వా, నేను ఈడ్నే ఉన్ననే! గది నాయిన ఫోటోనే!" అని నరేందర్ మైకు పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

ఆమె కొడుకును తడిమి చూసింది. పటం చూసింది. మళ్లీ కొడుకును చూసింది. ఏడుపు ఆగి కోపం వచ్చింది.

"మీ నాయిన గిట్లుంటడార? నువ్వు మా తమ్ముని పోలిక. గా మచ్చలు నీకు అమ్మోరు పోసినప్పటియి, నేను వేపాకు పెట్టి పండబెట్టిన. దొర గడీల బర్లను కాసినోనికి తుపాకెక్కడిదిరా?" అంది. మైకు నరేందర్ చేతిలోనే ఉంది గనుక బస్టాండు దాకా అందరూ విన్నారు.

పటం దించేశారు. ఎల్లేశ్ పేరు మైకులో రాలేదు గానీ, నరేందర్ నోట బూతులతో కలిసి బజారంతా వచ్చింది. ఆ స్టూడియో మెట్టెక్కితే తనతో తెగినట్టేనని ఆయన అందరికీ చెప్పాడు. దసరా వెళ్లిన మర్నాడు కళ్యాణి ఎర్ర ఇంకు సీసా మూత తీసింది. ఎల్లేశ్ అడ్డుపడలేదు. ఆయన నోరు మూతపడటం నేను చూసింది ఆ ఒక్కరోజే. నవ్వుదామని పోయినవాణ్ణి, నవ్వలేకపోయాను.

అంతలో కర్ర పొడుచుకుంటూ ఓదెమ్మ వచ్చింది.

"గట్లనే నల్లగ నాది గూడ తియ్యి బిడ్డా" అంది.

"బతికున్నోళ్లు గట్ల దిగరు గదవ్వా" అన్నాడు ఎల్లేశ్.

"నేను చచ్చినంక మావోడు నా పేరు మీద ఎవల మొఖం పెడ్తడో! గందుకే గిప్పుడే తియ్యి." కాసేపు ఆయాసం తీర్చుకుంది. "మా ఇంటాయన ఫోటో లేకున్న, కండ్లు మూసుకుంటె మనిషి అవుపడేటోడు బిడ్డా. గిప్పుడు మూసుకుంటె మీసం పెట్టుకొని వీడొస్తున్నడు."

కళ్యాణి సీసా మూత బిగించి, ముసలామెకు వెలుతురులో స్టూలు వేసింది.