గ్లాసు సారు ఆదివారం

ఆ మందుల కంపెనీలో ఆయన అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆయన గ్లాసు సారు.

పోటీ కంపెనీ వాళ్ళతో కూర్చుని మందుల రేట్లు మాట్లాడుకోవడం నేరం. నోరు విప్పకుండా వింటూ కూర్చున్నా ఒప్పుకున్నట్టే అనుకుంటారు. ఆ సంగతి అమ్మకాల వాళ్ళ బుర్రకెక్కించడమే ఆయన ఉద్యోగం.

"ఎవడైనా రేటు ఊసెత్తాడా, ముందున్న నీళ్ళ గ్లాసు బోర్లా కొట్టండి. ఈ మాట నేను వినను అని గట్టిగా చెప్పండి. టైము చూసుకుని బయటికి నడవండి. రేపు విచారణంటూ జరిగితే, మీరు లేచి వెళ్ళిన సంగతి గదిలో ప్రతివాడికీ గుర్తుండాలి."

అని నిజంగానే గ్లాసు తోసేస్తారు. అందుకే ఆయన క్లాసులో ముందు వరస ఎప్పుడూ ఖాళీ.

క్యాంటీన్‌లోకి అడుగుపెడితే ఎవడో ఒకడు, "సారొచ్చారు, గ్లాసులు గట్టిగా పట్టుకోండ్రోయ్!" అంటాడు. అందరూ నవ్వుతారు. ఆ తర్వాత కిక్కురుమనరు. ఈయన చెవిన పడ్డ మాట ఏనాడో ఒకనాడు కాగితం మీదికెక్కుతుందని భయం. ఈయన ఎక్కిన లిఫ్టులో ఎండ గురించి కూడా ఎవరూ మాట్లాడరు. పన్నెండేళ్ళుగా ఇదే వరస.

భార్య పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో నోరున్నది కుక్కరొక్కటే. ఆదివారం మాత్రం మరదలింట్లో భోజనం. ఆయన వచ్చినా ఆగిపోని మాటలు లోకంలో ఆ ఒక్క బల్ల దగ్గరే ఉన్నాయి.

చిక్కల్లా తోడల్లుడితోనే. అతను పోటీ కంపెనీలో అమ్మకాల మేనేజరు. ఆఫీసు సంగతులు బల్ల మీదికి రాకూడదని మొదటిరోజే ఒట్టేయించుకున్నారు. ఆరేళ్ళూ అతను మాట నిలబెట్టుకున్నాడు.

ఆ ఆదివారం తప్పాడు.

"అన్నయ్యా, ఒక్క మాట. వచ్చే నెల బీపీ మాత్ర మేం పది శాతం పెంచుతున్నాం. మీవాళ్ళూ పెంచేస్తే గొడవే ఉండదు. ఊరికే వాళ్ళ చెవిన వెయ్యి."

సారు ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది. ఎడం చెయ్యి దానంతటదే వెళ్ళి గ్లాసుని తోసేసింది.

"అయ్యో బావగారూ, చెయ్యి తగిలిందా?" అంటూ మరదలు గుడ్డ తెచ్చింది.

తోడల్లుడు పకపకా నవ్వాడు. "నీకు వయసైపోతోంది అన్నయ్యా! ఏమోయ్, ఇంకో గ్లాసు పెట్టు."

ఇంకో గ్లాసు వచ్చింది. నిండా నీళ్ళతో.

పన్నెండేళ్ళ పాఠంలో ఇది లేదు. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, ఆదివారాలు ఎప్పటిలాగే ఉంటాయి. కానీ అప్పుడు విన్నట్టే.

ఆయన లేచారు. "ఈ మాట నేను వినను. వెళ్తున్నాను. టైము ఒంటిగంటా నలభై."

"వేషాలు చాలు, కూర్చో అన్నయ్యా."

ఎంగిలి చేత్తోనే చెప్పులేసుకుని బయటపడ్డారు.

సోమవారం పొద్దున్నే ఫారం ముందేసుకున్నారు. పోటీ కంపెనీవాడు రేటు ఊసెత్తితే ఆఫీసుకి రాసివ్వాల్సిన ఫారం, ఆయనే తయారుచేసింది. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ చేత నింపించడమే గాని, తను నింపింది లేదు. మాట్లాడిన వ్యక్తితో సంబంధం? తోడల్లుడు. మళ్ళీ కలిసే అవకాశం ఉందా?

ఈ ప్రశ్న కావాలని పెట్టించింది కూడా ఆయనే. ఉంది అని రాసినవాళ్ళని పిలిపించి, "అయితే లేచి రావడం దేనికయ్యా?" అని దులిపేసిందీ ఆయనే. పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది. చివరికి 'లేదు' అని రాసి సంతకం పెట్టారు.

సంతకం ఇంకా ఆరనేలేదు, ఫోను మోగింది. మరదలు.

"నిన్న సగంలో లేచెళ్ళిపోయారేంటి బావగారూ? ఈయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. వచ్చేవారం మీకు మూతున్న గ్లాసు పెట్టాలట! వస్తున్నారుగా?"

ఆయనకి నవ్వు వచ్చింది. అంతలో కళ్ళు ఫారం మీది 'లేదు' దగ్గరికి వెళ్ళాయి.

"చూద్దాంలే అమ్మా."

ఫారం పట్టుకుని కంపెనీ లాయరు గదికి బయల్దేరారు. లిఫ్టులో ముగ్గురు ఏదో కబుర్లలో ఉన్నారు. ఆయన ఎక్కగానే మానేశారు.